ఫోస్టర్ కేర్ రేటు: వ్యసనానికి సూచికా, వ్యవస్థకు సూచికా?

అమెరికాలో కొన్ని రాష్ట్రాలు తమ కౌంటీల్లో (మన జిల్లాల వంటివి) కుర్రకారుకు మాదకద్రవ్యాల ముప్పు ఎక్కడ ఎంత ఉందో అంచనా వేయడానికి కౌంటీవారీ పట్టికలు ప్రచురిస్తూ ఉంటాయి. నిరుద్యోగం, బడి మధ్యలో మానేసినవారు, మద్యం అమ్మే లైసెన్సులు, అరెస్టులు వంటి అంకెల మధ్య, కుటుంబానికి సంబంధించిన విభాగంలో, మరో వరుస కూడా కనిపిస్తుంది: ప్రతి వేయిమంది పిల్లల్లో ఫోస్టర్ కేర్‌లో, అంటే తల్లిదండ్రుల నుంచి తీసుకెళ్లి ప్రభుత్వ సంరక్షణలో ఉంచినవారు ఎందరు అన్నది. ఈ అంకె పెద్దదైతే ఆ కౌంటీలో పిల్లలు మత్తుకు అలవాటుపడే ప్రమాదం ఎక్కువని, చిన్నదైతే తక్కువని మనం అర్థం చేసుకోవాలన్నది ఆ పట్టిక ఉద్దేశం. అలా చదవడం తప్పని నా వాదన. ఫోస్టర్ కేర్ రేటు ముందుగా చెప్పేది ప్రభుత్వం ఏం చేసిందన్న సంగతి. ఇళ్లలో ఏం జరుగుతోందన్నది దాని వెనక నుంచి సగం సగంగా మాత్రమే తెలుస్తుంది.

ఫోస్టర్ కేర్ అన్న మాట అమెరికాలోని తెలుగువాళ్లకు ఎక్కువగా భయం రూపంలోనే పరిచయం. పిల్లాడిని గట్టిగా మందలిస్తే ఎవరో వచ్చి ఎత్తుకుపోతారన్న కథలు వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటాయి. అసలు సంగతి అంతకంటే నెమ్మదైనది, కాగితాలతో నిండినది. తల్లిదండ్రుల దగ్గర బిడ్డకు క్షేమం లేదని కౌంటీ సంస్థ భావించి, జడ్జి ఒప్పుకున్నప్పుడు, బిడ్డను తాత్కాలికంగా వేరే కుటుంబంలోనో, బంధువుల దగ్గరో, కొన్నిసార్లు వసతి గృహంలోనో ఉంచుతారు. తల్లిదండ్రులు కుదుటపడితే బిడ్డ ఇంటికి వెళ్తుంది, లేకపోతే హక్కులు రద్దు చేసి దత్తతకు ఇస్తారు. నేను ఒహాయో రాష్ట్రంలో ఉంటాను. కోర్టు తరఫున ఇలాంటి పిల్లలను కలిసి, వాళ్ల బాగోగులు గమనించి జడ్జికి నివేదిక ఇచ్చే కాసా అనే స్వచ్ఛంద కార్యక్రమంలో కొంతకాలంగా పనిచేస్తున్నాను. పిల్లల గురించి తనకు తగినంత తెలియకుండానే తీర్పులు ఇవ్వాల్సి వస్తోందన్న బాధతో 1977లో సియాటిల్‌లో డేవిడ్ సూకప్ అనే జడ్జి మొదలుపెట్టిన ఏర్పాటు ఇది. కేసుల వివరాలు బయటపెట్టనని ప్రమాణం చేశాను కనుక అవి ఇక్కడ రావు. ఆ కాగితాల్లోని గడులు ఎలా నిండుతాయో దగ్గర నుంచి చూసినందువల్లే ఈ వ్యాసం రాస్తున్నాను.

సూచిక పక్షాన చెప్పదగ్గది ముందు చెప్పాలి, ఎందుకంటే అది చిన్నదేమీ కాదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ హాకిన్స్, రిచర్డ్ కాటలానో 1992లో ప్రచురించిన సమీక్ష ఈ రంగానికి పునాది వంటిది. పిల్లలు మత్తులో పడటానికి దారితీసే కారణాలను సమాజం, బడి, కుటుంబం, స్నేహితులు అన్న వర్గాలుగా విడదీసి, గుండెజబ్బులకు ముందుగా కారణాలు గుర్తించినట్టే వీటినీ గుర్తించి ముందుగానే అడ్డుకోవచ్చన్నారు. ప్రతి ఊళ్లో ప్రతి పిల్లవాడినీ అడిగి తెలుసుకోవడం ఖర్చుతో కూడిన పని కనుక, ప్రభుత్వ దస్త్రాల్లో అప్పటికే ఉన్న అంకెలను వాటికి బదులుగా వాడుకోవడం మొదలైంది. కుటుంబం చెదిరిందనడానికి ఫోస్టర్ కేర్ కంటే సులువుగా దొరికే లెక్క ఇంకేముంటుంది?

పైగా రెండింటి మధ్య సంబంధం నిజంగానే ఉంది. ఫెడరల్ ఆరోగ్య, మానవ సేవల శాఖ 2018లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, 2011 నుంచి 2016 వరకు కౌంటీల్లో ఓవర్‌డోస్ (మోతాదు మించిన మత్తుమందు) మరణాల రేటు 10 శాతం పెరిగినచోట ఫోస్టర్ కేర్‌లోకి వచ్చే పిల్లల రేటు సగటున 4.4 శాతం పెరిగింది. 2000లో ఇళ్ల నుంచి తీసుకెళ్లిన పిల్లల్లో 14.5 శాతం కేసుల్లో తల్లిదండ్రుల మాదకద్రవ్య వాడకం కారణంగా నమోదైతే, 2017 నాటికి అది 36 శాతం దాటింది. ఒహాయోలో దీన్ని అంకెల్లో వెతకనక్కరలేదు. నదీతీరంలోని పోర్ట్స్‌మత్ వంటి ఊళ్లలో నొప్పి మాత్రలు రాసిచ్చే దుకాణాలు వెలిశాయి. 2011లో చట్టం చేసి వాటిని మూయించాక హెరాయిన్, దాని వెనకే అంతకంటే ఘాటైన ఫెంటనిల్ వచ్చాయి. 2017 ఒక్క ఏడాదిలోనే రాష్ట్రంలో దాదాపు 5 వేల మంది ఓవర్‌డోస్‌తో చనిపోయారు. ఆ ఏళ్లలో కౌంటీల సంరక్షణలోని పిల్లల సంఖ్య ఎలా పెరిగిందో ఇక్కడి కేస్‌వర్కర్లను, అంటే ఈ కేసులు చూసే కౌంటీ ఉద్యోగులను, ఎవరిని అడిగినా చెబుతారు.

ఇంతవరకు చూస్తే సూచిక బాగానే పనిచేస్తున్నట్టుంది. దాన్ని ఇంకొంచెం పొడవైన కాలానికి పెట్టి చూడండి. 1999లో అమెరికాలో ఓవర్‌డోస్ మరణాలు 17 వేల లోపే. ఫోస్టర్ కేర్‌లో ఉన్న పిల్లలు సుమారు 5 లక్షల 67 వేలు. 2021లో మరణాలు లక్షా 6 వేలు దాటాయి. పిల్లలు మాత్రం దాదాపు 3 లక్షల 91 వేలు. మరణాలు ఆరు రెట్లు పెరిగిన ఇరవై రెండేళ్లలో సూచిక దాదాపు మూడో వంతు తగ్గిందన్నమాట. కోవిడ్ సమయంలో ఈ వైరుధ్యం ఇంకా కొట్టొచ్చినట్టు కనబడింది. 2019లో సుమారు 70 వేలున్న మరణాలు రెండేళ్లలో సగానికి సగం పెరగ్గా, అదే రెండేళ్లలో కొత్తగా ఫోస్టర్ కేర్‌లోకి వచ్చిన పిల్లల సంఖ్య దాదాపు రెండున్నర లక్షల నుంచి రెండు లక్షల పైచిలుకుకు పడిపోయింది. దేశ చరిత్రలో మాదకద్రవ్యాల చావులు అత్యంత వేగంగా పెరిగిన రోజుల్లో, ఈ ఒక్క వరుసను నమ్ముకున్నవాళ్లకు ముప్పు తగ్గుతున్నట్టు కనిపించి ఉండాలి.

ఎందుకు తగ్గింది? బడులు మూతపడ్డాయి. పిల్లల నిర్లక్ష్యం, హింస గురించి ఫిర్యాదు చేసేవారిలో ఉపాధ్యాయులది పెద్ద వాటా. వాళ్ల కళ్లబడని పిల్లల గురించి ఫోను చేసేవారే లేరు. కోర్టులు మందగించాయి. కేస్‌వర్కర్లు గుమ్మం దాటి లోపలికి వెళ్లలేని పరిస్థితి. వీటన్నిటికీ ముందే, 2018లో వచ్చిన ఫ్యామిలీ ఫస్ట్ చట్టం పిల్లలను ఇంట్లోనే ఉంచి తల్లిదండ్రులకు చికిత్స చేయించడానికి ఫెడరల్ నిధులు వాడుకోవచ్చని అనుమతించింది. వీటిలో ఏ ఒక్కటీ ఏ ఇంట్లోనూ ఎవరి వ్యసనాన్నీ తగ్గించిన సంగతి కాదు, చివరిది తప్ప. ఆసుపత్రిలో నిండిన పడకలు లెక్కపెట్టి ఊళ్లో జ్వరాలెన్నో చెప్పబోయినట్టుంటుంది ఇది: పడకలెన్ని ఉన్నాయి, ఎవరిని చేర్చుకుంటారు, ఎన్నాళ్లు ఉంచుకుంటారు అన్నవన్నీ ఆ లెక్కలో కలిసిపోతాయి.

ఎన్నాళ్లు ఉంచుకుంటారన్న మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే పట్టికల్లో వాడే రేటు సాధారణంగా ఒకానొక రోజున సంరక్షణలో ఉన్న పిల్లల లెక్క. ఫెడరల్ లెక్కకు ఆ రోజు సెప్టెంబరు 30. ఆ ఏడాది కొత్తగా ఒక్క బిడ్డ రాకపోయినా, ఉన్నవారి కేసులు సాగదీస్తే రేటు తగ్గదు. జడ్జీల ఖాళీలు భర్తీ అయి దత్తతలు చకచకా పూర్తయితే రేటు పడిపోతుంది. 1997 నాటి చట్టం ప్రకారం, బిడ్డ గత 22 నెలల్లో 15 నెలలు సంరక్షణలో గడిపితే, కొన్ని మినహాయింపులు పోను, తల్లిదండ్రుల హక్కుల రద్దుకు సంస్థ పిటిషన్ వేయాలి. ఓపియాయిడ్ల (నొప్పి మాత్రలు, హెరాయిన్, ఫెంటనిల్ వంటివి) వ్యసనం నుంచి బయటపడటం ఆ క్యాలెండరును అనుసరించి జరిగేది కాదు. మానడం, మళ్లీ జారడం, మళ్లీ మానడం ఆ జబ్బు నడకలోనే ఉన్నాయి. కనుక ఒకే తల్లి కోలుకుంటున్న తీరును ఓపికతో చూసే కోర్టులో బిడ్డ ఇంకా లెక్కలో ఉంటుంది, తొందరపడే కోర్టులో దత్తతకు వెళ్లి లెక్క నుంచి తొలగిపోతుంది. పట్టికలో మొదటి కౌంటీయే ప్రమాదకరంగా కనబడుతుంది.

పక్కపక్కనే ఉన్న రెండు రాష్ట్రాలను తీసుకుందాం. వెస్ట్ వర్జీనియా ఓవర్‌డోస్ మరణాల రేటులో చాలా ఏళ్లు దేశంలో అగ్రస్థానంలో నిలిచింది, ఫోస్టర్ కేర్ రేటులోనూ అంతే. పొరుగున ఉన్న వర్జీనియా ఫోస్టర్ కేర్ రేటు దేశంలోనే అట్టడుగున ఉండేవాటిలో ఒకటి. 2021లో రెండు రాష్ట్రాల మరణాల రేటు మధ్య తేడా సుమారు మూడు రెట్లు. ఫోస్టర్ కేర్ రేటు మధ్య తేడా అంతకు రెట్టింపు. ఆ మిగిలిన తేడా ఎక్కడి నుంచి వచ్చింది? వర్జీనియాలోనూ నైరుతి మూల బొగ్గు గనుల కౌంటీలు నొప్పి మాత్రల దెబ్బ మొట్టమొదట తిన్నవాటిలో ఉన్నాయి. అయితే అక్కడ స్థానిక సంస్థలు, బిడ్డను లాంఛనంగా సంరక్షణలోకి తీసుకోకుండా, బంధువుల ఇంటికి పంపించి కేసు ముగించే పద్ధతిని చాలాకాలంగా విస్తృతంగా పాటిస్తున్నాయి. తల్లి మత్తులోనే ఉంటుంది, బిడ్డ అమ్మమ్మ ఇంట్లో ఉంటుంది, కానీ పట్టికలో ఆ బిడ్డ ఉండదు.

ఈ అమ్మమ్మల విషయం నా దృష్టిలో ఈ చర్చకంతటికీ గుండెకాయ. తల్లిదండ్రులు లేకుండా బంధువుల దగ్గర పెరుగుతున్న పిల్లలు అమెరికాలో పాతిక లక్షల దాకా ఉంటారు. వారిలో ఫోస్టర్ కేర్ దస్త్రాల్లో ఉన్నవారు ఒకటిన్నర లక్షకు మించరు. లెక్కలోకి రానందువల్ల చాలామంది అమ్మమ్మలకు ఫోస్టర్ తల్లిదండ్రులకు దొరికే భత్యం దొరకదు. మా పొరుగు రాష్ట్రం కెంటకీలో ఇది కోర్టు దాకా వెళ్లింది. బిడ్డను కోర్టే బంధువు దగ్గర ఉంచినప్పుడు, ఆమోదం పొందిన ఆ బంధువుకూ ఇతరులతో సమానంగా చెల్లించాల్సిందేనని ఆరో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2017లో తీర్పు ఇచ్చింది. అంటే ఒక అమ్మమ్మకు డబ్బు అందాలంటే మనవడు లెక్కలోకి ఎక్కాలి. లెక్కలోకి ఎక్కితే ఆమె ఊరు ముప్పున్న ఊరు అవుతుంది. మత్తు వల్ల అమ్మానాన్నలను కోల్పోయిన పిల్లలను నేరుగా లెక్కగట్టినప్పుడు వచ్చిన అంకె చూస్తే ఈ దాగిన భాగం ఎంతదో ఊహించవచ్చు: 2011 నుంచి 2021 వరకు 3 లక్షల 20 వేలకు పైగా పిల్లలు తల్లినో తండ్రినో ఓవర్‌డోస్‌లో పోగొట్టుకున్నారని 2024లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. ఈ పిల్లల రేటు ఆ పదేళ్లలో రెట్టింపు దాటింది. ముప్పును కొలవాలనుకునే పట్టికకు ఇది ఫోస్టర్ కేర్ కంటే ఎంతో సూటి అయిన వరుస. మరణ ధ్రువపత్రాల నుంచి దీన్ని అంచనా కట్టవచ్చు కూడా.

కాగితాల్లోని గడుల గురించి మొదట్లో అన్నాను. వాటిలో కారణాల గడి ఒకటి. బిడ్డను ఇంటి నుంచి తీసుకెళ్లినప్పుడు కారణాలు నమోదు చేయాలి. ఒకటి కంటే ఎక్కువ గుర్తించవచ్చు. తల్లిదండ్రుల మత్తు వాడకం అన్న గడిని కొన్ని రాష్ట్రాల్లో పదింట ఒక కేసులో కూడా నింపరు, మరికొన్నిట్లో సగానికి పైగా కేసుల్లో నింపుతారు. ఆ రాష్ట్రాల తల్లిదండ్రుల మధ్య ఇంత తేడా ఉందని ఎవరూ నమ్మరు. ఒకచోట దాన్ని నిర్లక్ష్యం కిందే రాసి వదిలేస్తారు, ఇంకోచోట ప్రసూతి వార్డులో చేసిన మూత్ర పరీక్ష ఫలితమే కారణమై కూర్చుంటుంది. 2016లో చేసిన సవరణ తర్వాత, పుట్టిన బిడ్డపై మత్తు పదార్థాల ప్రభావం కనబడితే, అది వ్యసనానికి చికిత్సగా డాక్టరు రాసిచ్చిన మెథడోన్ వల్లో బ్యుప్రెనార్ఫిన్ వల్లో అయినా సరే, సంస్థకు తెలియజేసే పద్ధతి రాష్ట్రాల్లో ఉండాలి. అలా తెలియజేయడం నేరారోపణ కాదని చట్టమే చెబుతుంది. అయినా ఫోను మోగాక అవతల ఏం జరుగుతుందన్నది ఆ కౌంటీ అలవాటు మీద ఆధారపడి ఉంటుంది. చికిత్స తీసుకుంటున్న తల్లికీ తీసుకోని తల్లికీ మధ్య తేడా చూపలేని అంకెను చికిత్స అవసరాన్ని కొలిచే అంకెగా వాడటం నాకు మింగుడుపడదు.

ఎవరి గుమ్మం ముందు ఫోను మోగుతుందన్నదీ సమానం కాదు. పద్దెనిమిదేళ్లు నిండేలోపు ఎప్పుడో ఒకప్పుడు ఫోస్టర్ కేర్‌లోకి వచ్చే అవకాశం అమెరికా పిల్లలందరిలో సుమారు 6 శాతమైతే, నల్లజాతి పిల్లల్లో దాదాపు 12, మూలవాసుల పిల్లల్లో 15 శాతం దాకా ఉంటుందని క్రిస్టఫర్ వైల్డ్‌మన్ బృందం 2014లో లెక్కగట్టింది. మాదకద్రవ్యాల వాడకంపై జాతీయ సర్వేల్లో నల్లవారికీ తెల్లవారికీ మధ్య ఇంత అంతరం ఎక్కడా కనబడదు. రేటునే ముప్పుగా చదివితే ఈ అసమానత కాస్తా ఆ సముదాయాల స్వభావంగా మారిపోతుంది. చిన్న కౌంటీలకు మరో తిప్పలు. ఒహాయోలో అన్నిటికంటే తక్కువ జనాభా ఉన్న వింటన్ కౌంటీలో పిల్లలు సుమారు 3 వేలు. అయిదుగురు పిల్లలున్న ఒక్క కుటుంబం చెదిరితే అక్కడి రేటు వేయికి ఒకటిన్నరకు పైగా పెరుగుతుంది. మరుసటి ఏడాది వాళ్లు ఇంటికి వెళ్లిపోతే ముప్పు మాయమైనట్టే.

ఇక కౌంటీ నుంచి బిడ్డ దగ్గరికి వద్దాం, ఎందుకంటే అసలు హాని జరిగేది ఇక్కడే. ఎప్పుడైనా ఫోస్టర్ కేర్‌లో ఉన్న 12 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో మత్తు చికిత్స అవసరమైనవారు 17 శాతమని, ఎన్నడూ లేనివారిలో 9 శాతమని 2002, 2003 జాతీయ సర్వే లెక్కలు చూపాయి. రెట్టింపన్న మాట అందరికీ గుర్తుండిపోయింది. ఆ పిల్లల్లో వందకు ఎనభై మందికి పైగా అలాంటి అవసరం లేనివారేనన్నది ఎవరికీ గుర్తులేదు. ప్రాంతానికి సంబంధించిన అంకెను తెచ్చి బిడ్డ నుదుట అతికిస్తే, బడిలో కౌన్సెలర్, కొత్త ఇంటివాళ్లు, చివరికి ఆ బిడ్డ కూడా అదే చూపుతో చూడటం మొదలవుతుంది. ఫోస్టర్ కేర్‌లో ఉన్న పద్నాలుగేళ్ల పిల్లకు పంటినొప్పి వస్తే మాత్రలు ఎవరి దగ్గర ఉంచాలన్నది పెద్ద చర్చనీయాంశం కావడం నేను గమనించిన సంగతి. అదే నొప్పి మా అమ్మాయికి వచ్చినప్పుడు అలాంటి ప్రశ్న ఎవరికీ తట్టలేదు.

ఆ రెట్టింపు కూడా ఫోస్టర్ కేర్ వల్ల వచ్చిందా, దానికి ముందు ఇంట్లో అనుభవించినదాని వల్ల వచ్చిందా అన్న ప్రశ్న తేలికగా తెగేది కాదు. చిన్నతనంలో అయిదు, అంతకు మించిన రకాల కష్టాలకు గురైనవారిలో మాదకద్రవ్యాల సమస్యలు, అలాంటివేవీ ఎరుగనివారితో పోలిస్తే, 7 నుంచి 10 రెట్లు ఎక్కువగా ఉన్నట్టు 2003లో కాలిఫోర్నియా రోగులపై చేసిన అధ్యయనం చెప్పింది. ఆ కష్టాల్లో చాలా భాగం బిడ్డ ఇల్లు వదలకముందే జరిగినవై ఉంటాయి. ఎంఐటీ ఆర్థికవేత్త జోసెఫ్ డాయిల్ 2007లో ఇల్లినాయ్ లెక్కలతో, తీసుకెళ్లాలా వద్దా అన్న సందిగ్ధంలో ఉన్న కేసుల్లో, ఇంట్లోనే ఉండిపోయిన పిల్లలకే బాల నేరాలు తక్కువగా, సంపాదన ఎక్కువగా ఉన్నట్టు చూపించారు. 2022లో మిషిగన్ లెక్కలతో చేసిన అధ్యయనంలో దానికి భిన్నంగా, తీసుకెళ్లిన పిల్లలకే చదువు, క్షేమం మెరుగయ్యాయి. వారిలో ఎక్కువమంది ఒకటి రెండేళ్లలో తిరిగి తల్లిదండ్రుల దగ్గరికే చేరారు. రెండూ నిజమై ఉండవచ్చు. ఒకచోట ఎలాంటి ఇంటికి, ఎంతకాలానికి పంపుతారో, ఆలోగా తల్లిదండ్రులకు ఏ సాయం దొరుకుతుందో ఇంకోచోట అదే ఉండదు. ఫోస్టర్ కేర్ అన్న ఒక్క పేరు కింద ఇన్ని రకాల అనుభవాలు ఉన్నప్పుడు, వాటన్నిటినీ వేయికి ఇంతమంది అన్న అంకెలో కలిపి, అది ముప్పుకు గుర్తో రక్షణకు గుర్తో చెప్పడం సాధ్యం కాదు.

ఈ సూచికను మన దగ్గరికి తెస్తే దాని డొల్లతనం ఇంకా బాగా తెలుస్తుంది. భారతదేశంలో 2015 నాటి బాల న్యాయ చట్టంలో ఫోస్టర్ కేర్‌కు చోటుంది, 2016లో మార్గదర్శకాలు వచ్చాయి, 2024లో వాటిని సవరించారు. అయినా ఆచరణలో ఆ సంఖ్య లేనంత చిన్నది. తాగుడుకు బానిసైన తండ్రి ఉన్న ఇంట్లోని పిల్లలు ఆంధ్రలో అయినా తెలంగాణలో అయినా అమ్మమ్మ ఊరికో సంక్షేమ వసతి గృహానికో చేరతారు. దేశంలో దాదాపు 16 కోట్ల మంది మద్యం తాగుతారని 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే చెప్పింది. ఫోస్టర్ కేర్ రేటును బట్టి చూస్తే మాత్రం మన జిల్లాలన్నీ ముప్పే లేని జిల్లాలు. మన బంధుత్వాలు గట్టివి కనుక మనకు ఈ గొడవ లేదని మురిసిపోయేవారు, ఆ పిల్లల లెక్క ఎవరైనా తీశారా అని ఒకసారి అడిగి చూడాలి.

పట్టిక నుంచి ఈ వరుసను కొట్టేయమని నేను అనను. ఒకానొక రోజున ఉన్నవారి లెక్కకు బదులు, ఆ ఏడాది కొత్తగా వచ్చినవారి లెక్క ఇవ్వాలి. ఏడాది లోపు పసిపిల్లలను విడిగా చూపాలి, ఎందుకంటే మత్తు వల్ల ఇంటి నుంచి తీసుకెళ్లే పిల్లల్లో వాళ్ల వాటా పెద్దది. చిన్న కౌంటీలకు కొన్నేళ్ల సగటు ఇవ్వాలి. బంధువుల దగ్గర ఉన్నవారిని దస్త్రంలో ఉన్నా లేకపోయినా పక్కనే అచ్చువేయాలి. ఇవేవీ కష్టమైన పనులు కావు, చాలా భాగం కౌంటీ కంప్యూటర్లలో ఉన్నవే.

కష్టమైనది నిధుల ముడి. మత్తు నివారణ, చికిత్సల కోసం రాష్ట్రాలకు ఏకమొత్తంగా ఇచ్చే ఫెడరల్ నిధిలో (బ్లాక్ గ్రాంటు) కనీసం 20 శాతం, వ్యసనం మొదలవకముందే చేసే నివారణకు కేటాయించాలి. ఏ ప్రాంతానికి ఎంత అవసరమో చెప్పడానికి రాష్ట్రాలు ఆశ్రయించేది ఇలాంటి పట్టికలనే. కెంటకీలో స్టార్ట్ అన్న పేరుతో నడిచే కార్యక్రమాన్ని 2017లో ఒహాయో కూడా మొదలుపెట్టింది. వ్యసనం నుంచి బయటపడి, ఒకప్పుడు తమ పిల్లల కోసం ఇదే కోర్టు మెట్లెక్కిన వ్యక్తిని కేస్‌వర్కరుకు జతచేసి, తల్లిని రోజుల వ్యవధిలో చికిత్సకు చేర్చి, వీలైనంతవరకు బిడ్డను ఇంట్లోనే ఉంచడం దాని పద్ధతి. కెంటకీ ఫలితాల ప్రకారం ఈ కార్యక్రమంలోని పిల్లలు ప్రభుత్వ సంరక్షణలోకి వెళ్లడం, ఇలాంటి ఇతర కుటుంబాలతో పోలిస్తే, సగానికి సగం తగ్గింది. ఇలాంటి పని చేసే కౌంటీలో వ్యసనం ఉన్న తల్లుల సంఖ్య మొదటి ఏడాది ఒక్కరు కూడా తగ్గకపోవచ్చు, ఖర్చు పెరుగుతుంది, కానీ ఫోస్టర్ కేర్ రేటు తగ్గుతుంది. మరుసటి ఏడాది పట్టికలో ఆ కౌంటీ ముప్పు తక్కువగా ఉన్న వరుసలోకి మారి, నివారణ నిధుల కోసం పక్క కౌంటీ వెనక నిలబడాల్సి వస్తే, ఆ సంగతి ఆ కౌంటీ కమిషనర్లకు ఎవరు ఏమని నచ్చచెబుతారో పట్టిక తయారుచేసినవారే చెప్పాలి.